సికింద్రాబాద్‌లో ఏముంది మేడమ్?



దసరా సెలవులు దగ్గర పడ్డాయి. కొందరు ఊరికి వెళ్తారు, కొందరి ఇళ్లకు ఊళ్ల నుంచి చుట్టాలు వస్తారు. చుట్టాలు వచ్చిన ఇంట్లో కార్యక్రమం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒకరోజు చార్మినార్, పక్కనే లాడ్ బజార్‌లో గాజులు. ఒకరోజు గోల్కొండ. సాయంత్రం ట్యాంక్ బండ్ మీద మొక్కజొన్న కంకి. ఇంకా రోజులు మిగిలితే మాల్. ఇవన్నీ చూడాల్సినవే, కాదనను. కానీ మన పిల్లల్లో చాలామంది చార్మినార్‌ను నాలుగైదుసార్లు చూసి ఉంటారు, ఇంటి నుంచి రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్నవి మాత్రం ఒక్కసారి కూడా ఆగి చూసి ఉండరు.

పోయిన టర్మ్‌లో ఏడో తరగతికి ‘మా ఊరు’ అని ఇంగ్లిష్ ప్రాజెక్ట్ ఇచ్చాను. ముప్పావు క్లాస్ చార్మినార్ ప్రింటవుట్ అంటించి తెచ్చింది. వాళ్లలో ఎక్కువమంది మారేడ్‌పల్లి, కార్ఖానా, బోయిన్‌పల్లి, అల్వాల్ నుంచి వచ్చే పిల్లలే. “మీరుండే సికింద్రాబాద్ గురించి ఎవరూ రాయలేదేం?” అని అడిగాను. ఒకమ్మాయి వెంటనే, “సికింద్రాబాద్‌లో ఏముంది మేడమ్? స్టేషన్, ట్రాఫిక్!” అంది. క్లాసంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది కానీ, ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది పిల్లలు కాదు, మనం.

ముందు పేరు దగ్గర మొదలుపెడదాం. 1798లో నిజాం ప్రభుత్వానికీ ఈస్టిండియా కంపెనీకీ ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం కంపెనీ సైన్యం ఇక్కడ మకాం వేసింది. హుస్సేన్ సాగర్‌కు ఈశాన్యంగా ఉన్న ఖాళీ నేలల్లో గుడారాలు లేచాయి. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద ఈ కొత్త ఊరికి సికింద్రాబాద్ అని పేరొచ్చింది. సికందర్ అంటే పర్షియన్‌లో అలెగ్జాండర్. సోషల్ పుస్తకంలో అలెగ్జాండర్ పాఠం చదివే పిల్లవాడికి ఈ ముక్క చెప్పి చూడండి, కళ్లు పెద్దవవుతాయి. చెరువుకు అటు హైదరాబాద్, ఇటు సికింద్రాబాద్. ఒకవైపు నిజాం పాలన, ఇంకోవైపు ఇంగ్లిష్ కంటోన్మెంట్. రెండు ఊళ్లూ ఒకే కార్పొరేషన్ కిందికి వచ్చింది 1960లోనే. అంటే మీ పిల్లల తాతయ్యల్లో చాలామంది పుట్టేనాటికి ఇవి రెండు వేర్వేరు పట్టణాలు.

నేను ఇంగ్లిష్ టీచర్‌ని కాబట్టి ఒక పిచ్చి ఉంది, బస్టాపుల పేర్లు చదువుతూ ఉంటాను. మన ఊరి చరిత్ర చాలావరకు బస్టాపుల మీదే రాసి ఉంది. లాన్సర్ లైన్స్‌లో ‘లైన్స్’ అంటే సిపాయిల ఇళ్ల వరుసలు. లాన్సర్ అంటే బల్లెం పట్టిన గుర్రపు సైనికుడు. పికెట్ అంటే కాపలా సిపాయిలు నిలబడే చోటు. రెజిమెంటల్ బజార్ పటాలానికి సరుకులమ్మిన బజారు. కార్ఖానా ఉర్దూ మాట, పని జరిగే చోటు. పాతబస్తీ పెద్దలు ఇప్పటికీ సికింద్రాబాద్‌ను ‘లష్కర్’ అంటారు, అంటే సైన్యం. ఆషాఢంలో మనం లష్కర్ బోనాలు అంటామే, ఆ లష్కర్ ఇదే. స్కూల్ బస్సులో రోజూ వచ్చే పిల్లలకు దారి పొడవునా ఉన్న పేర్లు రాసుకుని, అర్థాలు ఇంట్లో అడిగి తెలుసుకోమని చెప్పండి. ఖర్చు లేని ఆట. ఇంగ్లిష్, ఉర్దూ, తెలుగు మూడూ వస్తాయి.

ఇక చూడాల్సినవి. నన్నడిగితే మొదటి స్థానం బేగంపేటకు ఇస్తాను. పాత విమానాశ్రయం దగ్గర ఒక పాత భవనం ఉంది. ఇప్పుడది ఉస్మానియా యూనివర్సిటీ అధీనంలో ఉన్న సర్ రోనాల్డ్ రాస్ పరిశోధన సంస్థ. మన ఊళ్లో కూర్చుని ఒక మనిషి ప్రపంచ వైద్యాన్ని మలుపు తిప్పిన చోటది.

మలేరియా అన్న మాటే తప్పు నమ్మకం మీద పుట్టింది. ఇటాలియన్‌లో ‘మల్ అరియా’ అంటే చెడ్డ గాలి. బురద గుంటల నుంచి వచ్చే చెడు గాలి వల్ల ఈ జ్వరం వస్తుందని వందల ఏళ్లు నమ్మారు. 1895 నుంచి రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు సికింద్రాబాద్‌లో దోమల్ని పట్టి కోసి చూడడం మొదలుపెట్టాడు. ఈయన పుట్టింది కూడా మన దేశంలోనే, 1857లో అల్మోరాలో. జ్వరం వచ్చిన మనిషి రక్తం తాగిన దోమ కడుపులో ఆ పరాన్నజీవి ఏమవుతుందో చూడాలన్నది ఆయన పట్టుదల. ఎండాకాలం ఉక్కలో పంకా కూడా వద్దన్నాడు, గాలి వస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయని. చెమటకు మైక్రోస్కోప్ మరలు తుప్పు పట్టాయి. నెలల తరబడి ఏమీ దొరకలేదు. ఎందుకంటే ఆయన చూస్తున్నది ఆ పరాన్నజీవిని మోసే జాతి దోమల్ని కాదు.

1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న మరో రకం దోమలు దొరికాయి. వాటినే మనం ఇప్పుడు అనాఫిలిస్ అంటున్నాం. ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని వాటిచేత కుట్టించాడు. రక్తం తాగిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున, ఎనిమిది దోమలకు ఎనిమిది అణాలు హుసేన్ ఖాన్‌కు ముట్టాయి. నాలుగు రోజుల తర్వాత, ఆగస్టు 20న, మిగిలిన దోమల్లో ఒకదాన్ని కోసి చూస్తే కడుపు గోడలో నల్ల రంగు చుక్కలున్న గుండ్రటి కణాలు కనిపించాయి. అంతకుముందు కోసిన ఏ దోమలోనూ అవి లేవు. మలేరియా పరాన్నజీవి దోమలో పెరుగుతుందని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత ఆయన్ని మలేరియా పెద్దగా లేని రాజపుతానాకు బదిలీ చేశారు (ఉద్యోగాల్లో ఈ అనుభవం చాలామందికి ఉండే ఉంటుంది). మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, వ్యాధి దోమ కాటు ద్వారానే ఒకరి నుంచి ఒకరికి పాకుతుందని చూపించాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆగస్టు 20ని ఇప్పటికీ ప్రపంచ దోమల దినంగా జరుపుతారు. ఆ తేదీ పుట్టింది మన బేగంపేటలో.

పిల్లలతో వెళ్తే నాదొక సలహా. నోబెల్ గురించి తక్కువ చెప్పి, దొరకని నెలల గురించి ఎక్కువ చెప్పండి. ఒక్క స్లిప్ టెస్ట్‌లో మార్కులు తగ్గితే డీలా పడే పిల్లలు మన దగ్గర ఎంతమంది ఉన్నారో మీకూ నాకూ తెలుసు. వాళ్లకు ఆ తప్పు జాతి దోమల కథ చాలా అవసరం. హుసేన్ ఖాన్ గురించి కూడా మాట్లాడండి. “ఎనిమిది అణాలు సరిపోతాయా? జబ్బు మనిషిని అలా కుట్టించొచ్చా?” అని తొమ్మిదో తరగతి పిల్లల్ని అడిగితే అరగంట పాటు చర్చ ఆగలేదు. అక్కడికి వెళ్లే ముందు తెరిచి ఉందో లేదో కనుక్కోండి. పరిశోధన సంస్థ కాబట్టి టికెట్ కౌంటర్ లాంటిది ఊహించుకోకండి.

అదే బేగంపేటలో, మెట్రోలో వెళ్తుంటే కిటికీలోంచి కనిపించే స్పానిష్ మసీదు ఉంది. పైగా వంశానికి చెందిన సర్ వికారుల్ ఉమ్రా స్పెయిన్ చూసి వచ్చాక, అక్కడి కార్డోబా కట్టడాల తీరు నచ్చి దీన్ని మొదలుపెట్టారు. ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించింది కూడా ఆయనే. 1902లో ఆయన పోయాక, 1906లో మసీదు పూర్తయింది. మామూలుగా మసీదంటే గుమ్మటాలు గుర్తొస్తాయి. దీనికి గుమ్మటం లేదు, కోసుగా పైకి లేచిన శిఖరాలున్నాయి. దూరం నుంచి చూసి చర్చి అనుకునే పిల్లలు చాలామంది. ఆరాధన జరిగే చోటు కాబట్టి నమాజు వేళలు తప్పించి, నిండు బట్టలతో, అక్కడున్న పెద్దల్ని అడిగి వెళ్లండి. మర్యాదగా అడిగితే ఎక్కడైనా మంచిగా చూపిస్తారు.

రెండో ఉదయాన్ని క్లాక్ టవర్ చుట్టూ గడపొచ్చు. కారు వద్దు. మెట్రోలో పరేడ్ గ్రౌండ్ దగ్గరో, సికింద్రాబాద్ ఈస్ట్ దగ్గరో దిగి నడవండి. ఏడున్నరకల్లా బయల్దేరితే ట్రాఫిక్ ఉండదు, పదకొండింటికల్లా ఇంటికి చేరొచ్చు. క్లాక్ టవర్‌ను 1897లో ప్రారంభించారు. చేతికి వాచీ లేని కాలంలో ఊరంతా ఆ గడియారాన్ని చూసే నడిచింది. ఆ పార్కులోనే 1969 తెలంగాణ ఉద్యమంలో ప్రాణాలు పోగొట్టుకున్నవారి స్మారక స్తూపం ఉంది. ఇంట్లో అమ్మమ్మా తాతయ్యా ఉంటే ఆ ఏడాది ఏం జరిగిందో వాళ్ల చేతే చెప్పించండి. బళ్లు ఎన్నాళ్లు మూతపడ్డాయో, చదువు ఏమైందో వాళ్లకు గుర్తుంటుంది. ఆ జ్ఞాపకం ఏ గైడ్ పుస్తకంలోనూ దొరకదు.

అక్కడి నుంచి ఎం.జి. రోడ్డు. పాతవాళ్లు జేమ్స్ స్ట్రీట్ అంటారు. ఈ రోడ్డు మీద పార్సీల అగ్ని దేవాలయం ఉంది, 1847 నాటిది. నిజాం రాజ్యంలో పెద్ద వడ్డీ వ్యాపారం చేసిన మెహెర్జీ సోదరులు కట్టించారు. పార్సీలు కానివారికి లోపలికి ప్రవేశం లేదు. గేటు బయటి నుంచే చూడాలి. “మనల్ని ఎందుకు రానివ్వరు?” అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఆ ప్రశ్న రావడమే మంచిది. ఒక్కో సమాజానికి ఒక్కో నియమం ఉంటుందని, గౌరవించడానికి లోపలికి వెళ్లాల్సిన పనిలేదని చెప్పే అవకాశం దొరుకుతుంది.

కొంచెం దూరంలోనే ఉజ్జయిని మహంకాళి గుడి. మీలో చాలామంది ఏటా బోనం ఎత్తేవాళ్లే. కానీ ఈ గుడి కథ పిల్లలకు తెలుసా? సికింద్రాబాద్ నుంచి పటాలంతో ఉజ్జయినికి వెళ్లిన సురిటి అప్పయ్య అనే డోలీ మోసే ఉద్యోగి, 1813లో ఇక్కడ కలరా చెలరేగిందని విని అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడని, తిరిగొచ్చాక 1815లో కొయ్య విగ్రహం ప్రతిష్ఠించాడని చెబుతారు. అంటే మన లష్కర్ బోనాలు ఒక మహమ్మారి కాలపు మొక్కు నుంచి పుట్టాయి. కరోనాలో ఆన్‌లైన్ క్లాసులు విన్న మన పిల్లలకు ఈ కథ వెంటనే ఎక్కుతుంది. అప్పయ్య కలరాకు మొక్కిన ఊళ్లోనే, ఎనభై నాలుగేళ్ల తర్వాత రాస్ దోమను కోశాడు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి పిల్లలతో మాట్లాడొచ్చు, ఒకటి తక్కువ ఇంకొకటి ఎక్కువ అనకుండా.

గుడి నుంచి జనరల్ బజార్ మీదుగా మోండా మార్కెట్‌కు నడవండి. ఇక్కడ చరిత్ర పాఠం ఏమీ వద్దు. పిల్లవాడి చేతిలో వంద రూపాయలు పెట్టి, మూడు కూరలు బేరమాడి కొనమనండి. మన పిల్లలకు యాప్‌లో కూరగాయలు బొమ్మలుగా తెలుసు. పొద్దున్నే బస్తాల మీద కూర్చున్న అవ్వతో “కొంచెం తగ్గియ్యవా అమ్మమ్మా” అని అడగడం తెలీదు. చిల్లర లెక్క, మాట తీరు, సిగ్గు పోవడం, మూడూ ఒకేసారి వస్తాయి. అయ్యాక పక్కన ఏదైనా ఇరానీ హోటల్లో పెద్దలకు చాయ్, పిల్లలకు ఉస్మానియా బిస్కెట్.

ప్యాట్నీకి దగ్గర్లోనే మహబూబ్ కాలేజ్ ఉంది, 1862లో మొదలైంది. 1893 ఫిబ్రవరి 13న స్వామి వివేకానంద ఇక్కడ ఇంగ్లిష్‌లో ఉపన్యాసం ఇచ్చారు. పాశ్చాత్య దేశాల్లో తాను చేయదలచుకున్న పని గురించి మాట్లాడారు. చికాగో సభ ఆ ఏడాది సెప్టెంబర్‌లో. అంటే చికాగోకు ఏడు నెలల ముందే మన సికింద్రాబాద్ శ్రోతలు ఆయన్ని విన్నారు. ఎలక్యూషన్ పోటీకి ఏటా చికాగో ప్రసంగం బట్టీపట్టే పిల్లల్ని ఒకసారి ఆ గేటు ముందు నిలబెట్టండి చాలు.

బొల్లారం వైపు ఉండేవాళ్లకు రాష్ట్రపతి నిలయం ఉంది. 1860 నాటి భవనం, ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెంట్ విడిది, చుట్టూ తొంభై ఎకరాల తోట. చాలాకాలం ఏడాదిలో కొద్దిరోజులే జనాన్ని రానిచ్చేవారు. 2023 ఉగాది నుంచి ఏడాది పొడవునా తెరుస్తున్నారు. సోమవారం సెలవు. రాష్ట్రపతి విడిదికి వచ్చే రోజుల్లో, మామూలుగా డిసెంబర్‌లో, ప్రవేశం ఉండదు. ఆన్‌లైన్‌లో టికెట్ తీసుకుని వెళ్లడం మేలు. వంటింటి నుంచి భోజనాల గదికి నేల కింద సొరంగం ఉంది, వేడివేడిగా వంటకాలు చేరడానికి. లోపల ఎన్ని గదులున్నాయో మరచిపోయినా ఆ సొరంగాన్ని పిల్లలు మరచిపోరు. ఆ పక్కనే 1847 నాటి హోలీ ట్రినిటీ చర్చి. 1983 నవంబర్ 20న ఎలిజబెత్ రాణి, ఫిలిప్ దంపతులు తమ పెళ్లిరోజున ఇక్కడే ప్రార్థనకు వచ్చారు.

లాన్సర్ లైన్స్‌లోని సెయింట్ జాన్ చర్చి ఇంకా పాతది, 1813 నాటిది. మౌలాలి గుట్ట ఎక్కగలిగిన పిల్లలుంటే అటు వెళ్లండి. గుట్ట కింద ఉర్దూ గజళ్లు రాసిన మహ్‌లఖా బాయి సమాధి, దాని చుట్టూ తోట ఉన్నాయి. 1824లో ఆమె పోయారు. హస్మత్‌పేటలో ఇనుప యుగం నాటి రాతి వలయాల సమాధులున్నాయి. వాటి చుట్టూ ఇళ్లు ఎలా కమ్ముకొచ్చాయో చూస్తే బాధేస్తుంది.

ఇదంతా ఇప్పుడే ఎందుకంటున్నానంటే, చూద్దాంలే అని వాయిదా వేసినవి నిలబడి ఉండటం లేదు. 1874లో వాడి నుంచి మొదటి రైలు వచ్చినప్పటి నుంచి స్టేషన్ మన ఊరికి ముఖం. మనందరికీ తెలిసిన ఆ పాత కమానుల ముఖభాగాన్ని కొత్త స్టేషన్ కోసం 2025లో కూల్చేశారు. కొత్తది అవసరమే, ఆ రద్దీ చూసినవాళ్లెవరూ కాదనరు. కానీ పాత స్టేషన్ ముందు నిలబడి దిగిన ఫోటో ఎంతమంది పిల్లల దగ్గర ఉంది? 1878 నాటి సికింద్రాబాద్ క్లబ్ ప్రధాన భవనం 2022 సంక్రాంతి రోజుల్లో ఒక్క రాత్రి మంటల్లో పోయింది. ప్యారడైజ్ అంటే పిల్లలకు బిర్యానీ. ఆ పేరు అక్కడుండిన సినిమా హాలుదని వాళ్లకు తెలియదు. హాలు పోయింది, పేరు మిగిలింది. మీలో కొందరు ఆ హాల్లో సినిమా చూసి ఉంటారు. ఏ సినిమానో, టికెట్ ఎంతో ఈ ఆదివారం చెప్పండి.

ఆదివారాలు ఎలా గడుస్తున్నాయో తెలిసే ఈ మాట అంటున్నాను. వీకెండ్ టెస్ట్, ఫౌండేషన్ క్లాస్, డ్యాన్స్ క్లాస్. మీ సెలవు రోజు కూడా మీకు మిగలదు. అందుకే పెద్ద ప్లాన్లు అడగడం లేదు. పదమూడు రోజుల సెలవుల్లో ఒక్క ఉదయం, మూడు గంటలు. అన్నీ చూడాలని పరుగెత్తకండి, రెండు చోట్లు చాలు. చిన్న పిల్లలైతే ఒక్కటే. నీళ్ల సీసా, టోపీ, ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. కంటోన్మెంట్ ప్రాంతంలో ఫోటోలు తీసేముందు బోర్డులు చదవండి, మిలిటరీ గేట్ల దగ్గర ఫోన్ జేబులోనే ఉంచండి. మధ్యలో పిల్లల్ని పరీక్ష పెట్టినట్టు “ఎప్పుడు కట్టారు చెప్పు?” అని అడగకండి. అది మేం స్కూల్లో చాలినంత చేస్తూనే ఉన్నాం.

తిరిగొచ్చాక ఒక్క పేజీ రాయించండి. తెలుగులోనైనా, ఇంగ్లిష్‌లోనైనా, రెండూ కలిపినా ఫర్వాలేదు. మార్కులు లేవు, గూగుల్ నుంచి ప్రింట్లు వద్దు. వాళ్లు చూసింది, ఇంట్లో పెద్దలు చెప్పింది ఉంటే చాలు. ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలు బొమ్మ గీసి, కింద రెండు వాక్యాలు రాస్తే సరిపోతుంది. బడి తెరిచిన మొదటి వారంలో క్లాస్ టీచర్‌కు ఇవ్వండి. అన్నింటినీ లైబ్రరీ పక్క గోడ మీద సికింద్రాబాద్ మ్యాప్ చుట్టూ అంటిస్తాం. పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చినప్పుడు మీ వీధి ఎక్కడుందో ఆ మ్యాప్ మీద వెతుక్కోవచ్చు.